పెడల్ కొనేముందు సౌండ్ బాక్సు వైపు చూడండి

ఒక క్రిస్మస్ ముందు ఇందుకూరుపేట పక్క ఊళ్లో సువార్త సభ. పాట మధ్యలో గిటార్ వాయించే కుర్రాడు పెడల్ నొక్కాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దామె రెండు చెవులూ మూసుకుంది. వాయించడంలో తప్పేం లేదు. స్వరం సరిగ్గా పడింది, తాళం జారలేదు. కానీ సౌండ్ బాక్సుల్లోంచి వచ్చింది గిటార్ మోత కాదు, రేకుల షెడ్డు మీద ఇనప గరిటె పెట్టి గీకినట్టు సన్నటి గరగర. సభ అయ్యాక ఆ అబ్బాయి మొహం వేలాడేసుకుని నా దగ్గరకొచ్చాడు.

"అన్నా, ఇది కొత్త పెడల్. రెండు నెలల జీతంలో మిగిలిందంతా పెట్టినా. ఇంట్లో చిన్న యాంప్‌కి తగిలిస్తే ఇల్లు అదిరిపోతా ఉండింది. ఈడ ఎందుకన్నా ఇట్టా అయింది?"

అతను కృష్ణపట్నం పోర్టులో కాంట్రాక్టు పని చేస్తాడు. షిఫ్టు దిగాక ముత్తుకూరులో అద్దె గదిలో మెటల్ సాధన, ఆదివారం చర్చిలో పాటలు, ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రా. నేనూ అదే దారిలో వచ్చినవాణ్ణి. పగలు రొయ్యల మేత కొట్టులో లెక్కలు రాసి, రాత్రి కావలి నుంచి గూడూరు దాకా ఏ పందిట్లో పిలిస్తే ఆ పందిట్లో గిటార్ పట్టుకున్నాను. ఆ రాత్రి అతనికి నిలబడి చెప్పింది పావువంతే. మిగతా ముప్పావూ ఇక్కడ రాస్తున్నాను. పోర్టులోనో, నేలటూరు థర్మల్ ప్లాంటులోనో, రొయ్యల చెరువుల మీదో పనిచేసుకుంటూ, జీతంలో మిగిలిన డబ్బుతో గిటార్ సామాను కొనుక్కునే వాళ్ల కోసం.

మెటల్ కచేరీ చూడాలంటే మనం బస్సెక్కాల్సిందే. 2007లో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా బెంగుళూరులో వాయించాయి. హైదరాబాదులో గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బ్యాండ్ పుట్టింది. ఈ తీరంలో మాత్రం ఎలక్ట్రిక్ గిటార్ వినపడేది ఎక్కువగా చర్చిలో, ఆర్కెస్ట్రాలో. అక్కడ వేదిక మీద గిటార్ యాంప్ ఉండదు. ఒక మిక్సర్, రెండు వైపులా సౌండ్ బాక్సులు, అంతే. బయటి దేశాల వాళ్లు చెప్పే సలహాలన్నీ వెనక ఒక పెద్ద యాంప్ ఉందనుకుని చెప్పేవి. అవి విని పెడల్ మీద పెడల్ కొంటే డబ్బు పోతుంది, గరగర మిగులుతుంది. మనం చివరి నుంచి వెనక్కి రావాలి. ముందు స్పీకర్ సంగతి తేల్చుకోవాలి, తరవాత మీటలు, తరవాత చేయి, తీగలు. కొత్త గిటార్ ఆలోచన అన్నిటికన్నా ఆఖర్న.

డిస్టార్షన్ అంటే ధ్వని తరంగం తలని కోసేయడం. కోసిన చోట అసలు స్వరానికి పైన బోలెడన్ని ఉపస్వరాలు పుట్టుకొస్తాయి. వాటిలో కింది భాగం గిటార్‌కి కండ ఇస్తుంది, పై భాగం చెవిని గీకుతుంది. గిటార్ కోసం చేసిన 12 అంగుళాల స్పీకర్ ఈ పై భాగాన్ని మింగేస్తుంది. మెటల్ వాళ్లు ఎక్కువగా వాడే సెలెస్టియన్ విన్‌టేజ్ 30 స్పీకర్ పలికేది సుమారు 70 నుంచి 5,000 హెర్ట్జ్ వరకే. మన సౌండ్ బాక్సులో పైన ఉండే హారన్ 15,000 హెర్ట్జ్ దాటి పలుకుతుంది. అది మనిషి గొంతులోని స, శ తేడా స్పష్టంగా వినిపించడానికి చేసింది. దానికి తిన్నగా డిస్టార్షన్ పంపిస్తే జల్లెడ పట్టని పిండిలాగా పొట్టూ నూకా అన్నీ వచ్చి పడతాయి. ఆ పెద్దామె చెవులు మూసుకున్నది ఆ పొట్టుకే.

చరిత్రలో చూసినా డిస్టార్షన్‌కి మొదటి పనిముట్టు స్పీకరే. 1958లో లింక్ రే తన స్పీకర్లకి పెన్సిల్‌తో బొక్కలు పొడిచాడు. 1964లో కింక్స్ బ్యాండ్ గిటారిస్టు డేవ్ డేవిస్ చిన్న యాంప్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీరాడు. ఆ మొరటు ధ్వని వాళ్లకి అక్కడే దొరికింది.

అందుకని ఆ అబ్బాయికి నేను చెప్పిన మొదటి మాట: "ఇంట్లో ఉండే చిన్న యాంపే తీసుకొచ్చెయ్ అబ్బయా. దాని ముందు మైకు పెట్టించు." సైకిలు వెనక కట్టుకుని వచ్చే యాంప్ అయినా సరే, దాని లోపల ఉన్నది గిటార్ స్పీకర్. షూర్ ఎస్‌ఎమ్57 అని 1965 నుంచీ వస్తున్న మైకు ఈ పనికి పెట్టింది పేరు. అది లేకపోతే సౌండ్ సర్వీస్ వాళ్ల దగ్గర పాటకి వాడే మామూలు మైకు అడగండి, పనవుతుంది. జాలీకి రెండు వేళ్ల దూరంలో ఉంచండి. స్పీకర్ నడిమధ్యన ఉన్న గుండ్రటి మూత ఎదురుగా పెడితే పదునుగా, అంచు వైపు జరిపితే మెత్తగా వస్తుంది. మూతా కాగితమూ కలిసే గీత దగ్గర మొదలుపెట్టి వేలెడంత అటూ ఇటూ జరిపి వినండి. మీటలు గంటసేపు తిప్పినా రాని తేడా ఈ వేలెడు జరపడంలో వస్తుంది. ఎంతమందికి చెప్పానో, చేసి చూసినవాళ్లు తక్కువ. దయచేసి చేసి చూడండి.

యాంప్ మోయడం కుదరని వాళ్లకి క్యాబ్ సిమ్యులేటర్ ఉంది. గిటార్ స్పీకరూ దాని ముందు మైకూ కలిసి ధ్వనిని ఎలా మారుస్తాయో కొలిచి దాచిన ఫైలుని ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. ఈ రోజుల్లో చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెట్టెల్లో కూడా ఇది ఉంటుంది. చాలామందికి అది తమ పెట్టెలో ఉందని తెలియదు, ఉన్నా ఆపేసి వాయిస్తుంటారు. మిక్సర్‌కి పెడితే ఆన్ చేయాలి. గిటార్ యాంప్‌కి పెడితే ఆపాలి, లేకపోతే రెండు స్పీకర్లు ఒకదాని వెనక ఒకటి పెట్టినట్టయి దుప్పటి కప్పిన మోత వస్తుంది. కంప్యూటరూ ఆడియో ఇంటర్‌ఫేసూ ఉన్నవాళ్లకి న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో రికార్డింగుకి అంతకన్నా ఏం కావాలి? ఏది వాడినా దాని తరవాత 80 హెర్ట్జ్ కింద, 6,000 పైన కోసేయండి. కొత్త పెడల్ కొనాలని డబ్బు దాచుకుంటున్నవాళ్లు అందులో మొదటి ఖర్చు క్యాబ్ సిమ్యులేటర్ మీద పెట్టండి. మద్రాసు అన్నా సాలైలో 1842 నుంచి నడుస్తున్న మ్యూజీ మ్యూజికల్ లాంటి కొట్టుకి వెళ్లినప్పుడు పెడల్‌ని గిటార్ యాంప్ మీద విని మురిసిపోయి కొనకండి. "ఇది తిన్నగా మిక్సర్‌కి పెడితే ఎలా ఉంటుంది?" అని అడిగి, అలాగే విని కొనండి.

ఇక ఆ ధ్వని లోపల ఏముందో చూద్దాం. మెటల్‌లో పూర్తి కార్డు కన్నా పవర్ కార్డు ఎక్కువ. పవర్ కార్డు అంటే మనకి కొత్తదేం కాదు, సా-పా. తంబూరా మీద చిన్నప్పటి నుంచీ వింటున్న షడ్జమ పంచమాలే. గిటార్ లావు తీగ పలికే ఈ (E) స్వరం 82.4 హెర్ట్జ్, దాని పంచమం 123.5. ఈ రెండూ కలిసి డిస్టార్షన్‌లోకి వెళ్తే వాటి మధ్య తేడా అయిన 41 హెర్ట్జ్ దగ్గర ఇంకో స్వరం పుడుతుంది. అది మొదటి స్వరానికి సరిగ్గా ఒక స్థాయి కింద ఉంటుంది. ఆ కిందనుంచి వచ్చే ఊతం మనం బరువు అనుకునేదాంట్లో ఒక భాగం. అదే సా-పాల మధ్య గాంధారం కూడా కలిపితే పుట్టే తేడా స్వరాలు ఒకదానితో ఒకటి పొసగక బురద అవుతుంది. శ్రుతి కొంచెం తప్పినా అంతే. మామూలు ధ్వనిలో కప్పుకుపోయే శ్రుతి దోషాన్ని డిస్టార్షన్ బయటికి ఈడ్చి చూపిస్తుంది. కాబట్టి పాటపాటకీ ట్యూనర్ చూసుకోండి. 12వ ఫ్రెట్ దగ్గర స్వరం ఖాళీ తీగ స్వరంతో కలుస్తోందో లేదో నెలకోసారి సరిచూసుకోండి. ఇంటొనేషన్ తప్పిన గిటార్‌కి ఎంత ఖరీదు పెడల్ పెట్టినా బురదే.

బరువు కావాలంటే బేస్ మీట పెంచాలని అందరికీ అనిపిస్తుంది. నాకూ చాలా ఏళ్లు అలాగే అనిపించింది. పాఠం నేర్పింది బర్మింగ్‌హామ్ మనిషి, బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ ఐయోమీ. అతనూ మనలాగా పనిచేసుకుని బతికినవాడే. ఇనప రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, వయసు 17. ప్రమాదం జరిగింది ఆ పనిలో ఆఖరి రోజున. యంత్రంలో పడి కుడిచేతి నడిమి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కనుక తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. కోలుకుంటుండగా ఫ్యాక్టరీ మేనేజరు వచ్చి, కాలిన చేతితో రెండు వేళ్ల మీదే గిటార్ వాయించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. ఐయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేలితొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించాడు. గట్టి తీగలు నొప్పెడితే బాంజో తీగలు వేసుకున్నాడు. తరవాత శ్రుతి దించి తీగల్ని ఇంకా వదులు చేశాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' రికార్డులో కొన్ని పాటలకి సీ షార్ప్ దాకా దించాడు. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి రికార్డుతో హెవీ మెటల్ మొదలైందని చాలామంది లెక్క. అంతటి బరువైన మోత కోసం అతను యాంప్ ముందు పెట్టుకున్నది బేస్ పెంచే పెట్టె కాదు. ట్రెబుల్ బూస్టర్!

అందులోని కిటుకు ఇది. డిస్టార్షన్‌లోకి వెళ్లే ముందు కింది స్వరాలు ఎక్కువైతే కోత అంతా వాటి మీదే పడి మోత జావైపోతుంది. ముందు తగ్గించి పంపి, కావాలంటే తరవాత పెంచుకోవాలి. మృదంగం తొప్పికి రవ్వ ముద్ద ఎక్కువైతే దెబ్బ బరువెక్కదు, మూగబోతుంది. దానికి ఒక కొలత ఉందని వాద్యగాళ్లకి తెలుసు. ఇక్కడా అంతే. ఈనాటి మెటల్ గిటారిస్టులు ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఆకుపచ్చ పెడల్‌ని డ్రైవ్ సున్నాలో, లెవెల్ చివర్లో పెట్టి, గట్టి గెయిన్ ఉన్న యాంప్ ముందు వాడేది అందుకే. అది బేస్‌ని కోసి, 700 హెర్ట్జ్ చుట్టుపక్కల మధ్య స్వరాలని ముందుకు తోస్తుంది. మీ మల్టీ ఎఫెక్ట్స్‌లో దాని నకలు ఎక్కడో ఉంటుంది, వెతికి యాంప్ బొమ్మకి ముందు పెట్టండి. లావు తీగ మీద వరసగా కొట్టే దెబ్బలు అప్పుడు ఏ దెబ్బకి ఆ దెబ్బ విడిగా వినపడతాయి.

గదిలో బ్రహ్మాండంగా ఉన్న టోన్ పందిట్లో ఎందుకు మాయమవుతుంది? రెండు కారణాలు. మన చెవి సన్నటి ధ్వనిలో బేస్‌నీ ట్రెబుల్‌నీ తక్కువగా వింటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, పక్కింటివాళ్లు నిద్రపోతుంటే సన్నగా పెట్టుకుని మీటలు తిప్పేవాడు తెలియకుండానే ఆ రెండూ పెంచేస్తాడు, మిడ్ తగ్గించేస్తాడు. అదే అమరికని వేదిక మీద పెద్దగా పెడితే కింద గుడగుడ, పైన గీకుడు, మధ్యలో శూన్యం. రెండో కారణం, గిటార్ బతికే చోటు మధ్య స్వరాలే. కింద బేస్ గిటారూ డ్రమ్సు కాలిదెబ్బా ఉంటాయి, పైన తాళాలు ఉంటాయి. మిడ్ తీసేసిన గిటార్ వాటిలో కలిసిపోతుంది. రికార్డులో గిటార్ బరువు అని మనం మురిసేదాంట్లో చాలా భాగం దాని కింద నడిచే బేస్ గిటార్‌దే. కాబట్టి మీ బేస్ వాయించేవాడితో కూర్చుని ఇద్దరూ కలిసి మీటలు పెట్టుకోండి. ఒంటరిగా వింటే కాస్త ముక్కుతో పలికినట్టు, అందవిహీనంగా ఉన్న టోన్ బృందంలో కలిసేసరికి గోడలా నిలబడుతుంది. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు మిడ్ మీటని గడియారంలో 12 గంటల కిందికి దించను.

గెయిన్ సంగతి కూడా ఇక్కడే. బాగుందనిపించిన చోట ఆగి, అక్కడ్నించి పావువంతు వెనక్కి తిప్పండి. గెయిన్ పెరిగేకొద్దీ గట్టి దెబ్బకీ మెల్లటి దెబ్బకీ తేడా పోతుంది, ఆ తేడాలోనే దెబ్బ తగిలినట్టు అనిపించేది. పైగా పెరిగిన గెయిన్‌తో కరెంటు గుంయ్‌మనడం కూడా పెరుగుతుంది. నాయిస్ గేట్ ఉంటే మంచిదే, కానీ అది స్వరం తోకని కోయనంత వరకే బిగించాలి. రికార్డింగులో అయితే ఇంకా తగ్గించి, అదే భాగాన్ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ పంచండి. ఒకే వాయింపుని కాపీ చేసి అతికిస్తే ఆ వెడల్పు రాదు.

చాలామంది చేతుల్లో చూసేది బాస్ కంపెనీ మెటల్ జోన్, 1991 నాటి నారింజ అక్షరాల నల్ల పెడల్. దాన్ని తిట్టేవాళ్లు ఎక్కువ. పాపం దాని తప్పు కాదు. అందులో మిడ్‌కి రెండు మీటలున్నాయి, ఎంత పెంచాలో ఒకటి, ఏ స్వరం దగ్గర పెంచాలో ఇంకొకటి, 200 నుంచి 5,000 హెర్ట్జ్ దాకా. కొన్నవాడు డిస్టార్షన్ చివరికంటా తిప్పి, మిడ్ పూర్తిగా దించి వాయిస్తాడు. డిస్ట్ మీటని గడియారంలో 10 గంటల దగ్గర ఉంచండి. మిడ్ స్వరాన్ని 800 నుంచి 1,000 మధ్యకి తెచ్చి కొంచెం పెంచండి. హై తగ్గించండి. యాంప్ వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ అనే కన్నం ఉంటే అందులో పెట్టండి, ముందు కన్నంలో కాదు. అదే పెడల్ మారిపోతుంది. ఇదే కంపెనీ 1983లో తెచ్చిన హెచ్‌ఎమ్-2 మీటలన్నీ చివరికి తిప్పి స్వీడన్ బ్యాండ్ ఎన్‌టూంబ్డ్ 1990లో 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' చేసింది కదా అని అడగవచ్చు. నిజమే. కానీ ఆ పెడల్‌లో హై అని రాసున్న మీట పెంచేది 1,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే అదీ మధ్య స్వరాలే.

కుడిచేయి గురించి ఎంత రాసినా చాలదు. అరచేతి అంచుని బ్రిడ్జి మీద ఆనించి తీగని సగం నొక్కి కొట్టే పామ్ మ్యూట్ మెటల్‌కి ప్రాణం. అరచేయి బ్రిడ్జికి అర అంగుళం ముందుకు జరిగితే స్వరం చచ్చిపోతుంది, వెనక్కి పోతే మోగిపోతుంది. మీ గిటార్ మీద ఆ చోటు వెతికి, కళ్లు మూసుకుని కూడా అక్కడే పడేలా సాధన చేయండి. పిక్ మందం ఒక మిల్లీమీటరుకి తగ్గొద్దు. అన్నీ కింది దెబ్బలే కొడుతూ మెట్రోనోమ్ 100 దగ్గర మొదలుపెట్టి వారానికి నాలుగు చొప్పున పెంచండి. వాయించని తీగల్ని ఎడమచేతి ఖాళీ వేళ్లతో ఆనించి ఉంచడం నేర్చుకోండి. ఈ సాధనకి యాంప్ అక్కర్లేదు, రాత్రి రెండింటికి చప్పుడు చేయకుండా మంచం మీద కూర్చుని చేసుకోవచ్చు.

మన తీరంలో తీగల సంగతి వేరు. మైపాడు, కోడూరు గాలిలో ఉప్పు ఉంటుంది, తీగ ఉక్కుది. చెరువు గట్టు మీది ఇంట్లో గోడకి తగిలించిన గిటార్ తీగలు పదిహేను రోజుల్లో రంగు మారతాయి. తుప్పు పట్టిన తీగకి పై ఉపస్వరాలు చస్తాయి, శ్రుతి నిలవదు, ఫ్రెట్లు అరుగుతాయి. వాయించిన వెంటనే పొడి నూలుగుడ్డతో ఒక్కో తీగనీ కింద నుంచి కూడా తుడవండి. గిటార్‌ని సంచిలో పెట్టి, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి అందులో వేయండి. పూత ఉన్న తీగలకి ఖరీదెక్కువ, కానీ ఉప్పుగాలిలో చాలా రోజులు నిలుస్తాయి. నా లెక్కలో అవే చవక. బ్రిడ్జి స్క్రూలకి కొంచెం మెషిన్ నూనె రాయండి. మామూలు శ్రుతికి 10–46 తీగలు, లావు తీగ డీకి దించితే 10–52, సీ షార్ప్ దాకా దించితే 11–54. ఐయోమీ సన్నవి వాడింది తెగిన వేళ్ల వల్ల. మనకి ఆ అవసరం లేదు, వదులు తీగ గట్టిగా కొడితే శ్రుతి పైకి జారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానగాలికి మెడ చెక్క కదులుతుంది, తీగల ఎత్తు మారుతుంది. అప్పుడు మెడ లోపలి ట్రస్ రాడ్ పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి చూడండి. ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు.

ఇప్పుడు చెప్పబోయేది టోన్ కన్నా ముఖ్యం. పందిట్లో జనరేటరు, తడి ఇసుక, చేతిలో గిటార్, పెదాల దగ్గర మైకు. గిటార్ తీగలు యాంప్ ఎర్త్‌కి, మైకు మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఆ రెండిట్లో ఒకదానికి ఎర్త్ లేకుండా కరెంటు లీకైతే 230 వోల్టులు మీ గుండె మీదుగా దారి వెతుక్కుంటాయి. 1972 మే 3న స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు వేదిక మీద ఎర్త్ లేని మైకు పట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. గుంయ్ శబ్దం పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచేసేవాళ్లని నేను చూశాను. ఎవరు చెప్పినా ఆ పని చేయొద్దు. యాంపూ మిక్సరూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. జనరేటరుకి ఎర్త్ కడ్డీ పాతారా అని అడగండి. ఆ బోర్డుకి కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలని పట్టుబట్టండి. మైకు జాలీకి టెస్టర్ పెట్టి చూశాకే పెదాలు దగ్గరికి తీసుకెళ్లండి. తీగల మీద చేయి వేస్తే గుంయ్ తగ్గితే మామూలే. చిమచిమలాడితే మాత్రం ఆ క్షణమే ప్లగ్గు తీయించండి, పెళ్లివాళ్లు తొందరపెట్టినా సరే. ఒకసారి ఒక పందిట్లో నా కింది పెదవి కాలింది. అక్కడ పాట ఆపినందుకు ఆ రాత్రి డబ్బులు సగమే ఇచ్చారు. ఆ సగం డబ్బుకి నేను ఏనాడూ బాధపడలేదు.

చెవులు కూడా మన పనిముట్లే. 85 డెసిబెల్స్ మోత ఎనిమిది గంటలు భరించవచ్చని లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే. డ్రమ్సు పక్కన నిలబడేవాళ్లు నురుగు బిరడాలు జేబులో వేసుకుని వెళ్లండి. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మామూలుగా లౌడ్‌స్పీకర్లు నిషేధం. అందుకని మెటల్ పాట ఏదైనా వేయాలనుకుంటే తొమ్మిదిన్నర లోపు వేయండి.

సౌండ్ ఆయనతో మాట తీరు కూడా టోన్‌లో భాగమే. వెళ్లగానే "గిటార్ పెంచన్నా" అనకండి. కచేరీకి గంట ముందు వెళ్లి వైర్లు లాగడంలో ఒక చేయి వేయండి. మిక్సర్ దూరంగా ఉంటే మీ పెట్టె నుంచి డీఐ బాక్సు ద్వారా ఇవ్వండి, పొడుగు వైరు మోసుకొచ్చే గుంయ్ పోతుంది. మీ ఛానల్‌లో లో కట్ నొక్కమని, హై తగ్గించమని మర్యాదగా అడగండి. పాడేవాళ్ల గొంతు ముందుండాలి, గిటార్ దాని వెనక నిలబడాలి. గాయకుడు ఎస్పీ బాలుగారు తొలి రోజుల్లో నడిపిన లలిత సంగీత బృందంలో గిటార్ పట్టుకున్నవాళ్లలో ఇళయరాజా ఒకరు, గంగై అమరన్ ఒకరు. గాయకుడి వెనక నిలబడి వాయించడం చిన్న పని అనుకునేవాళ్లు ఆ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆ సువార్త సభలో కలిసిన అబ్బాయి సంక్రాంతికి యాంప్ తెచ్చాడు, మైకు పెట్టించాడు. గెయిన్ ఇంకా ఎక్కువే ఉంది. నేను మీట ముట్టుకోలేదు. ఫోను ఇరవై అడుగుల అవతల జనంలో కుర్చీ మీద పెట్టి రికార్డు చేయమన్నాను. మర్నాడు ఆరింటికి పోర్టు బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినమన్నాను, విన్నాక ఒకే ఒక మీట మార్చమన్నాను. ఎనిమిదింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, నా గిటారే నాకు వినపడలేదు. మిడ్ పెంచేదా, గెయిన్ తగ్గించేదా?"

"ముందు గెయిన్ తగ్గించి చూడబ్బయా. మిడ్ సంగతి ఆదివారం చూద్దాం."